చివరి వరుస చదివిన ధనమ్మత్త

కంట్లో చుక్క వేసిన కాసేపటికి గొంతులో చేదు దిగుతుంది. మొదటిసారి అదెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. కంటికీ గొంతుకీ లోపల దారి ఉందని తర్వాత ఎవరో చెప్పారు. ఈ పొద్దు కూడా తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రి వరండాలో, గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ చేదు మింగుతూ కూర్చున్నాను. ఏటా ఒకసారి వస్తాను. పక్క కుర్చీలో ఎవరో పెద్దాయన తోడొచ్చిన కూతురి మీద విసుక్కుంటున్నాడు. "నాకెందుకమ్మా ఈ పరీక్షలన్నీ? బోర్డు మీద చివరి వరుస దాకా గడగడా చదివేసినా కదా, ఇంక ఇంటికి పోదాం పద" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కళ్ళు మూసుకునే, "అయ్యా, చివరి వరుస చదివినామె ఒకామె గుడ్డిదైపోయింది, నా ముందరే. గమ్మున కూసోండి" అన్నాను. పాపం, నా కోపం ఆయన మీద కాదు. ధనమ్మత్త గుర్తొస్తే నేను ఎవరితోనైనా అట్లాగే మాట్లాడతాను.

ధనమ్మత్త మాకు చుట్టం కాదు. నగరిలో మా ఇంటి గోడా, ఆమె మగ్గాల షెడ్డు గోడా ఒకటే. పెద్దవాళ్ళను అత్తా, మామా అని పిలవడం ఆ వీధి అలవాటు. మామ చిన్న వయసులోనే పోయాడు. షెడ్డు మూతపడుతుందని అందరూ అనుకుంటే, దినాలు కాగానే ఆమె వచ్చి స్విచ్చి వేసి మరమగ్గాలు నడిపించింది. లుంగీ గుడ్డ నేసి అమ్మి కొడుకు గోపీని చదివించింది. మగ్గాలు ఆడుతుంటే ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే వినబడదు, కాబట్టి మా వీధి ఆడవాళ్ళందరికీ గొంతు పెద్దదే. అందరిలోకీ ధనమ్మత్త గొంతు ఇంకా పెద్దది. ఆమె వాకిట్లో నిలబడి గోపీని భోజనానికి పిలిస్తే పక్క వీధిలో పిల్లలు కూడా ఇళ్ళకు పోయేవాళ్ళు.

నేను ఇంటరు ముగించి కులం సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్న రోజులవి. పోయినప్పుడల్లా అక్కడి గుమాస్తా "రేపు రా" అనేవాడు. మా నాయన మెతక మనిషి. రేపంటే రేపే అనుకుని వెనక్కి వచ్చేసేవాడు. ఒకనాడు నేను వాకిట్లో ఏడుస్తుంటే ధనమ్మత్త చూసి, మగ్గాలు ఆపి, చీర మీద దూది నుసి దులుపుకుని "పద మే" అంది. గుమాస్తా తల ఎత్తకుండానే మళ్ళీ రేపు రమ్మన్నాడు. "ఎందుకు?" అంది అత్త. అతను అప్పుడు తల ఎత్తాడు. "రేపు ఎందుకు రావల్లనో చెప్పు నాయనా. సారు లేడా? సంతకానికి ఇంకు లేదా? కారణం చెప్పు, నమస్కారం పెట్టి పోతాం. లేదంటే ఈన్నే కూసుంటాం." అన్నట్టే బల్ల ముందర కూర్చుని, టిఫిన్ డబ్బా తెరిచి పెరుగన్నం తినడం మొదలుపెట్టింది. సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. తిరిగొస్తుంటే నాతో అంది: "ఎందుకని అడిగేదానికి సిగ్గు పడబాక మే. నీ గొంతు బాగుండాది. బస్సు కండక్టరు ఉద్యోగానికి సరిగ్గా పనికొస్తావు." ఎగతాళికే అంది. కొన్నాళ్ళకు ఆ ఉద్యోగానికే దరఖాస్తు పెట్టాను, వచ్చింది. మొదటి రోజు నా బస్సెక్కి, టికెట్ తీసుకుని, "సిల్లర సరిగ్గా ఇయ్యి, కండక్టరమ్మా" అని అందరి ముందరా నన్ను ఆట పట్టించింది ఆమే.

ఇంక ఆమె కళ్ళ సంగతి. నేతవాళ్ళకు చూపు పరీక్ష అంటే ఒకటే పరీక్ష. మగ్గానికి పన్నె అని ఒకటుంటుంది, దువ్వెన పళ్ళ మాదిరి సన్నటి ఇనుప సందులు. పడుగు దారాలు ఒక్కొక్కటీ ఆ సందుల్లోంచి దూరి రావాలి. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఆ పని చెయ్యడానికి మంచి చూపున్నవాళ్ళను వెతుక్కుంటారు. ఎవరికైనా కళ్ళు మందగించాయని అనుమానం వస్తే మా వీధిలో డాక్టరు దగ్గరికి కాదు, పన్నె దగ్గరికి తీసుకుపోతారు. దారం ఎక్కించావా, నీ కన్ను బాగున్నట్టు. ఎక్కించలేదా, అద్దాలు తెచ్చుకో. మా తాతల నుంచీ ఇదే లెక్క. ధనమ్మత్త ఆ పనిలో దిట్ట. యాభై దాటినా వేరే షెడ్లవాళ్ళు వచ్చి "అక్కా, రొంత వచ్చి దారాలు ఎక్కించి పోరాదా" అని బతిమాలేవాళ్ళు. పోయి కూర్చుని, మాట్లాడుతూనే, చకచకా దూర్చేసేది. ఆమె గర్వమంతా ఆ పనిలోనే ఉండేది. మా అందరి కొంపా ముంచింది ఆ గర్వమే.

ఎందుకంటే అప్పటికే ఆమె గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఎడమ భుజం తలుపు చెక్కకు, ఎడమ తొడ మగ్గం మూలకు. చీర కొంచెం పక్కకు జరిగితే నల్లగా కమిలిన మచ్చలు కనబడేవి, అన్నీ ఎడమ వైపే. "ఏందత్తా ఇది?" అని నేనడిగితే, "షెడ్డు ఇరుకు, నేను లావు" అని నవ్వేది. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు దగ్గర కాలితో తడుముకునేది. ఎండలోంచి షెడ్డులోకి వస్తే చాలాసేపు వాకిట్లోనే నిలబడిపోయేది. సాయంత్రం దీపాలు వేశాక బల్బు చుట్టూ రంగుల వలయాలు కనబడతాయని చెప్పేది. పండగ మాదిరి ఉంటుందనేది! అద్దాలు మార్చిన కొన్నాళ్ళకే సరిపోవడం లేదని మళ్ళీ మార్చేది. నుదురు నొప్పిగా ఉంటే అమృతాంజనం పూసుకునేది. ఇన్ని జరుగుతున్నా ఒక్కరంటే ఒక్కరు కళ్ళ డాక్టరు పేరు ఎత్తలేదు. ఎత్తబోతే చాలు, "పన్నెలో దారం ఎక్కిస్తాంది కదబ్బా, ఆయమ్మ కండ్లకేమి" అని ఎవరో ఒకరు నోరు మూయించేవాళ్ళు.

అత్త ఒక మగ్గం ఎదురుగా నిలబడితే ఎడమ పక్క మగ్గం కూడా ఆమే చూసుకోవాలి. దారం తెగితే వెంటనే ఆపి ముడి వెయ్యాలి. ఆ ఎడమ మగ్గంలో దారం తెగినా తెలియక మగ్గం ఆడుతూనే ఉండేది, గుడ్డ మీద పొడుగునా గీత పడిపోయేది. ఎదురుగా ఉన్న మగ్గం మీద మాత్రం ఒక్క తప్పు ఉండేది కాదు. గుడ్డ కొనేవాడు వచ్చి, "ఏమ్మా, కొడుకు ఉద్యోగస్తుడైనాక పని మీద ధ్యాస పోయినట్టుండాదే" అన్నాడు. అజాగ్రత్త అని తేల్చేశారు! ఒక పక్క ఒక్క తప్పూ లేకుండా నేసే మనిషి రెండో పక్క అన్నీ తప్పులు నేస్తుంటే దానికి కారణమేమిటని ఆలోచించడానికి పెద్ద చదువులు కావాలా?

దానికంటే ఘోరం కాణిపాకంలో జరిగింది. అత్త తమ్ముడు సుబ్రమణి మా వెనక వీధిలోనే ఉంటాడు, ఆయనకూ మగ్గాలున్నాయి. ఆయన కూతురి పెళ్ళి కాణిపాకం గుడి దగ్గర చేశారు. మామ లేకపోయినా మేనత్త మేనత్తే కదా, తాంబూలం మొదట ఈమెకే ఇవ్వాలని సుబ్రమణి భార్య పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. ఎదురు అంటే ఎదురు కాదు, ఎడమ పక్క నుంచి వచ్చింది. "తీసుకో వదినా" అంది. సన్నాయి మోగుతోంది, అత్తకు వినబడలేదు, కనబడనూ లేదు. పళ్ళెం దాటుకుని నేరుగా నడిచి ముందు వరుసలో కూర్చుంది. చుట్టాలందరూ చూశారు. పళ్ళెం పట్టుకున్నామె ముఖం మాడిపోయింది. "కండ్లు నెత్తికెక్కినాయి" అని అక్కడే మొదలైంది. అత్త లబోదిబోమంది. "నాకు కనబడలేదు సుబ్రమణీ, మన అమ్మ మీద ఒట్టు" అని తమ్ముడి చేతులు పట్టుకుంది. "మొన్ననే మా షెడ్డులో కూసోని దారాలు ఎక్కించి పోతివి. పళ్ళెమంత పళ్ళెం కనబడలేదా అక్కా? ఎవురికి చెప్తాండావు?" అని ఆయన చేతులు విడిపించుకున్నాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. జబ్బు ఆమెకు వచ్చింది, శిక్ష కూడా ఆమెకే వేశారు.

ఆ బాధతోనే కాబోలు, నేతవాళ్ళ కల్యాణ మండపంలో కంటి శిబిరం పెట్టారంటే తనంతట తనే పోయింది. నేను తోడు పోయాను. మైకు, బ్యానర్లు, పూలదండలు, ఫోటోలు, అన్నీ ఉన్నాయి. బోర్డు ముందర కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, చివరి వరుస దాకా చదివేసింది. తెల్లకోటు ఆయన టార్చి వేసి చూసి, "బాగున్నాయమ్మా. రవ్వంత శుక్లం పొర ఉండాది, ఇంకా ముదరలేదు. ముదిరినాక రా, తీసేస్తాం" అన్నాడు. "తలుపులకు గుద్దుకుంటాండాను నాయనా" అంది అత్త. "వయసమ్మా, నిదానంగా నడువు. తర్వాత ఎవురు?" అన్నాడాయన. గుమాస్తాను "ఎందుకు" అని నిలదీసిన మనిషి, తెల్లకోటును అడగలేకపోయింది. లేచి దండం పెట్టి వచ్చేసింది. కంట్లో ఒత్తిడి చూసే పరికరం ఒకటుంటుంది, కంటి వెనక నరాన్ని లైటు వేసి చూడొచ్చు, రెండూ కలిపి కాసేపటి పని. ఆ మండపంలో సన్మానాలకు దొరికిన సమయం దీనికి దొరకలేదు. ముదరనీ అన్నారు, ఆమె ముదరనిచ్చింది. మూడేళ్ళు కాచుకుని కూర్చుంది, మామిడికాయ మాగేదానికి కాచుకున్నట్టు.

ఆ కాచుకున్న కాలంలో ఇంకొకటి కూడా చేసింది. మగ్గాల షెడ్డులో దూది నుసి ఎగిరి కళ్ళు ఎర్రగా అవుతాయి, దురద పెడతాయి. మందుల అంగడిలో చీటీ లేకుండా అడిగితే ఒక చుక్కల మందు ఇచ్చేవాళ్ళు. వేసుకుంటే గంటలో ఎరుపు పోయేది. షెడ్డు గూట్లో ఆ సీసా ఎప్పుడూ ఉండేది. అత్తా వేసుకునేది, పనివాళ్ళూ వేసుకునేవాళ్ళు, వెనక వీధిలో సుబ్రమణి షెడ్డులోనూ అదే సీసా. అది స్టెరాయిడ్ మందు. డాక్టరు చెప్పకుండా ఏళ్ళ తరబడి వేసుకుంటే కొందరికి కంట్లో ఒత్తిడి పెంచి నరాన్ని తినేస్తుంది. అమ్మినవాడికి ఆ మాట తెలియకపోతే అంగడి ఎందుకు పెట్టినట్టు? తెలిసీ అమ్మితే వాడిని ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

చివరికి నా బస్సులోనే బయటపడింది. పుత్తూరు నుంచి వస్తున్నాం, పట్టపగలు. అత్త కిటికీ పక్కన కాకుండా నడవ పక్కన కూర్చుంది. నేను ఆమె ఎడమ భుజం పక్కనే నిలబడి "టికెట్, టికెట్" అని చెయ్యి చాపాను. నా చెయ్యి ఆమె చెంపకు జానెడు దూరంలో ఉంది. ఆమె నేరుగా ముందుకు చూస్తూ కూర్చుంది. బస్సు చప్పుడులో నా గొంతు పోల్చుకోలేదేమో అనుకుని వేళ్ళు ఆడించాను. రెప్ప కూడా కదలలేదు. "అత్తా!" అని భుజం తడితే ఉలిక్కిపడి తల మొత్తం తిప్పింది. "ఎప్పుడొచ్చినావు మే? దయ్యం మాదిరి!" అంది. ఆ మచ్చలూ, ఆ ఎడమ మగ్గమూ, కాణిపాకంలో పళ్ళెమూ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఈ మందారం నీకు కనబడలేదు కదా అత్తా?" అన్నాను, నా జడలో పువ్వు చూపించి. "ఇప్పుడు కనబడతాంది" అంది అమాయకంగా. ఆ వారమే సెలవు పెట్టి తిరుపతికి తీసుకుపోయాను.

అక్కడ ఒక మిషను ముందర కూర్చోబెట్టారు. లోపల తెల్లటి గిన్నె మాదిరి ఉంటుంది, గడ్డం ఆనించి మధ్యలోకే చూడాలి. అక్కడక్కడా చిన్న వెలుతురు చుక్కలు మెరుస్తాయి, కనబడినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. అత్త ఎప్పుడో ఒకసారి నొక్కింది, ఆ తర్వాత ఊరికే కూర్చుంది. బయటికి వచ్చి నాతో గుసగుసలాడింది: "మే, వాళ్ళ మిషను పాడైపోయిండాది. సుక్కలే రాలేదు. పాపం, చెప్పు వాళ్ళకి." నేను అక్కడే, ఈ పొద్దు కూర్చున్న ఈ వరండాలోనే, గోడ వైపు తిరిగి ఏడ్చాను.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కాగితం మీద అత్త చూపు బొమ్మ చూపించింది. ఎడమ కన్ను దాదాపు అంతా నలుపు, కుడి కంట్లో మధ్యన మాత్రం చిన్న తెల్లటి చోటు. "దీన్ని గ్లాకోమా అంటారమ్మా. నీటికాసులు అనేది కూడా ఇదే. కంటి లోపలి నీళ్ళు సరిగ్గా బయటికి పోక ఒత్తిడి పెరిగి, చూపు నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. ఎక్కువమందికి నొప్పి ఉండదు. ముందు పక్కల చూపు పోతుంది, మధ్య చూపు చివరిదాకా మిగులుతుంది." అత్త చాలాసేపు ఆ కాగితం చూసింది. "నేను పన్నెలో దారం ఎక్కిస్తాండానమ్మా" అంది. అదొక్కటే ఆమె వాదన. "మధ్య చూపుతోనే కదమ్మా ఎక్కించేది. అందుకే ఎవరికీ తెలియలేదు." "పోయింది మళ్ళీ రాదా?" "రాదమ్మా. ఉన్నది నిలబెట్టుకోవాలి. రోజూ చుక్కలు వెయ్యాలి, జీవితాంతం. మీ తోబుట్టువులనూ, కొడుకునూ తప్పకుండా పరీక్ష చేయించండి, ఇది రక్తసంబంధంలో వస్తుంది." నన్ను చూసి ఇంకో మాట చెప్పింది. కొందరికి ఇది ఒక్కసారిగా విరుచుకుపడుతుందట. కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పీ, తలనొప్పీ, వాంతులూ వస్తాయి, చూపు మసకేస్తుంది. అప్పుడు రేపు చూద్దామనుకోకుండా ఆ గంటలోనే పరిగెత్తాలని చెప్పింది. ఇవన్నీ ఇంత సులభంగా తెలుగులో చెప్పొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. మరి అన్నేళ్ళు మైకులు పట్టుకున్నవాళ్ళలో ఒక్కరికీ చెప్పాలని ఎందుకు తోచలేదు?

ఇంటికొచ్చాక ఇంకో పోరాటం. గోపీ తడ దగ్గర కంపెనీలో పనిచేస్తాడు, ఆదివారాల్లో వస్తాడు. కొన్ని నెలలు చుక్కలు తెచ్చిచ్చాడు, తర్వాత మానేశాడు. చెడ్డవాడు కాదు. "వేస్తాండేది వేస్తానే ఉండాము, రవ్వంతన్నా బాగుపడలే కదక్కా. వేరే మందేమన్నా ఉందేమో సూద్దాం" అన్నాడు నాతో. "బాగు చేసే మందు కాదు రా, ఇంకా పోకుండా ఆపే మందు! మీ ఇంటికి తాళమేసినందుకు లోపల బంగారం పెరిగిందా అని అడుగుతావా?" అని అరిచాను. సిగ్గుపడి తెచ్చాడు. కానీ ఆ మానేసిన నెలల్లో కుడి కంట్లో తెల్లటి చోటు ఇంకాస్త చిన్నదైంది. గోపీ పరీక్ష చేయించుకున్నాడు, వాడికేమీ లేదు. మిగిలింది సుబ్రమణి. నేను ఆయన ఇంటికి పోయి చెప్పాను, రెండోసారి పోయి బతిమాలాను. వాకిట్లో నిలబెట్టే మాట్లాడాడు. "మా అక్క ఆ పొద్దు చేసిన పనికి ఈ పొద్దు జబ్బు పేరు చెప్తాంది. నాకు కండ్లు బ్రహ్మాండంగా ఉండాయి. రా, పన్నె కాడ కూసుంటా, సూసి పో" అన్నాడు. ఆ మాట అత్తకు చెప్తే అన్నం కంచం పక్కకు తోసేసింది. "వాడు కూడా గుడ్డోడు అయిపోతాడు మే. నా మీద కోపానికి" అంది.

ఆ తర్వాత మళ్ళీ అదే మండపంలో శిబిరం పెట్టారు. సుబ్రమణి కొత్త అద్దాల కోసం పోతున్నాడని ఎవరో చెప్పారు. అత్త చెప్పులేసుకుంది. "చెయ్యి పట్టుకో మే" అంది. మండపంలో అంతా తెలిసినవాళ్ళే. సుబ్రమణి వరుసలో నిలబడి ఉన్నాడు, మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. అత్త నేరుగా పోయి బోర్డు ముందరి కుర్చీలో కూర్చుంది. ఎడమ కన్ను తనే మూసుకుని, కుడి కంటితో నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని, చివరి వరుస దాకా చదివింది. ఈసారి వేరే ఆయన ఉన్నాడు. "ఈ వయసులో చివరి వరుసా! చాలా బాగుందమ్మా. తర్వాత" అన్నాడు.

అత్త లేవలేదు. మగ్గాల మీద అరిచిన గొంతు ఒక్కసారి బయటికొచ్చింది. "నేను గుడ్డిదాన్ని నాయనా! తిరుపతిలో డాక్టరమ్మ రాసిచ్చింది. నీ బోర్డు నన్ను బాగుందంటాంది. పోయినసారి కూడా బాగుందనే చెప్పింది, నేను నమ్మి ఇంటికి పోయినా. ఎందుకు? ఎందుకు మీరు ప్రెషరు సూడరు? ఎందుకు నరం సూడరు? ఈడ కూసోనుండే వాళ్ళల్లో నా మాదిరోళ్ళు ఎందరుండారో నీకు తెలుసునా?" మైకు దగ్గర ఉన్నాయన "అమ్మా, నిదానంగా" అంటూ వచ్చాడు. "గమ్మునుండు స్వామీ, నీ సన్మానం తర్వాత" అంది. అప్పుడు గొంతు తగ్గించి పిలిచింది. "సుబ్రమణీ, ఇట్ల రా. ఆ పొద్దు కాణిపాకంలో నీ పెండ్లాం పళ్ళెం యాడ పట్టుకునింది? ఆడ నీ చెయ్యి పెట్టు." ఆయన కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తోస్తే వచ్చాడు. ఆమె ఎడమ పక్కన నిలబడి చెయ్యి చాపాడు. అత్త ముందుకే చూస్తోంది. "పెట్టినావా?" అంది. పెట్టి ఎంతసేపయిందో! "ముందుకు జరుపు. నాకు కనబడినప్పుడు చెప్తా." ఆయన చెయ్యి కొంచెం కొంచెంగా జరుపుతున్నాడు. చెంప దాటింది, కంటి కొన దాటింది. ముక్కు ముందరికి వచ్చాక "ఇప్పుడు" అంది. ఆయన ఆ చేత్తోనే అక్క తల పట్టుకుని, అంతమందిలో, చంటిబిడ్డ మాదిరి ఏడ్చాడు. "కనబడలేదు నాయనా, నిజంగానే కనబడలేదు" అని ఆమె ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

మరుసటి వారం సుబ్రమణిని తిరుపతికి నేనే తీసుకుపోయాను. రెండు కళ్ళలోనూ ఒత్తిడి ఎక్కువే ఉంది. ఒక కంట్లో నరం దెబ్బతినడం మొదలైంది, ఆయనకు ఏమీ తెలియనే లేదు. ఆ అంగడి చుక్కలు మానిపించి సరైన చుక్కలు రాశారు. ఆయన ఇప్పటికీ మగ్గం నడుపుతున్నాడు, ఎడమ మగ్గం కూడా. నా బస్సులో ఎవరైనా మెట్టు తప్పితే "కళ్ళు కనబడవా" అని కసిరేవాళ్ళను నేను ముందు కసురుతాను. తర్వాత ఆ తప్పినవాళ్ళ పక్కన కూర్చుని, నలభై దాటిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, కంట్లో ప్రెషరు ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడుగుతాను. టికెట్ కొట్టక ఈమెకెందుకు ఇవన్నీ అని కొందరు గొణుక్కుంటారు. గొణుక్కోనీ.

అత్తకు మిగిలిన ఆ చిన్న వెలుతురు ఎక్కువ కాలం నిలవలేదు. అప్పటికే చాలా ఆలస్యమైందని డాక్టరమ్మ ముందే చెప్పింది. పూర్తిగా చీకటైపోయాక ఒక మధ్యాహ్నం నేను పోతే అరుగు మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని పక్కన చోటు చూపించింది. "నిజం చెప్పు మే. ఆ మొదటి శిబిరంలోనే ఎవురైనా ప్రెషరు సూసింటే నా కండ్లు ఉండేటివా?" అని అడిగింది. నేను డాక్టరమ్మను ఎప్పుడో అడిగి తెలుసుకున్న మాటే అది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "శానా మటుకు ఉండేటివి అత్తా" అన్నాను. ఆమె ముఖంలో కోపం పైకి రావడం, దాన్ని నిలబెట్టుకునే శక్తి లేక దిగిపోవడం, రెండూ చూశాను. తర్వాత నా మోకాలు వెతుక్కుని దాని మీద చెయ్యి వేసింది. "ఇంత కోపం నేనేం చేసుకోవల్ల మే? నాకింక అరిచే ఓపిక లేదు. నువ్వు పెట్టుకో" అంది. సరేనన్నాను. అప్పటినుంచి అది నా దగ్గరే ఉంది.